కైసరు నుంచి సిజేరియన్ దాకా: ఒక పేరు చిక్కుముడి

తెలుగు బైబిలు చదివినవారికి కైసరు తెలుసు. షేక్‌స్పియర్ నాటకం చదివినవారికి జూలియస్ సీజర్ తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం పాఠంలో జర్మనీ కైజర్, రష్యా జార్ ఎదురెదురుగా నిలబడతారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో కైసర్-ఇ-హింద్ పతకం వస్తుంది. ఇక ప్రసూతి వార్డు ముందు బెంచీ మీద కూర్చున్నవారికి సిజేరియన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఆరు మాటలకూ మూలం ఒకే లాటిన్ పేరు. గ్రీకు, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్, పారశీకం, వైద్యశాస్త్రం ఇలా వేర్వేరు దారుల్లో అది తెలుగులోకి చేరింది.

ఇన్ని భాషల్లో ఇంత స్థిరపడ్డ పేరుకు అసలు అర్థం ఏమిటన్నది మాత్రం తేలలేదు. రోమన్లు తమలో తామే నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. ఆధునిక భాషాశాస్త్రం వాటిలో కొన్నింటిని పక్కన పెట్టి కొత్త వాదాలు తెచ్చింది. చరిత్రకారుల వాదం ఇంకొకటి: ఒక కుటుంబం పేరు ఎప్పుడు, ఏ రోజున రాజబిరుదు అయింది? చర్చ ఇంత చిక్కుపడటానికి కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒకటి. దాని పుట్టుక గురించి రోమన్లు ఏమి నమ్మారన్నది రెండోది. ఎలా వాడారన్నది మూడోది. మొదటిదానికి జవాబు దొరక్కపోయినా మిగిలిన రెండింటికీ దొరుకుతుంది. అందుకని వీటిని విడదీసి చూడటమే మేలు.

ఉచ్చారణ సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రాచీన లాటిన్‌లో ఈ పేరు మొదటి అక్షరం 'క'. సుమారుగా 'కైసర్' అని పలికేవారు. గ్రీకులు తమ లిపిలో అలాగే రాసుకున్నారు, జర్మన్లు అలాగే నిలుపుకున్నారు. ఆ లెక్కన గ్రీకు మూలం ద్వారా వచ్చిన తెలుగు బైబిలు 'కైసరు' రోమన్ల నోటికి దగ్గర. ఇంగ్లీషు మీదుగా వచ్చిన 'సీజర్' దూరం. ఈ వ్యాసంలో పేరును 'కైసర్' అని, బాగా అలవాటైన ఆ వ్యక్తిని సీజర్ అని పిలుద్దాం.

రోమన్లు చెప్పుకున్న నాలుగు కథలు

నాలుగు కథలూ ఒక్కచోట దొరికేది 'హిస్టోరియా అగస్టా' అనే చక్రవర్తుల జీవితాల సంకలనంలో, హేడ్రియన్ దత్తత తీసుకున్న ఏలియుస్ చరిత్రలో. కల్పనలు కలిపిన గ్రంథంగా దానికి పేరుంది. అయితే వీటిలో మూడు కథలను ఇతర రచయితలు కూడా విడివిడిగా చెప్పారు కాబట్టి, నాలుగూ ఆ గ్రంథకర్త అల్లినవని కొట్టిపారేయలేం.

మొదటిది ఏనుగు కథ. ఈ వంశంలో ఒక పూర్వికుడు యుద్ధంలో ఏనుగును చంపాడట. మూర్ల భాషలో ఏనుగును 'కైసాయి' అంటారట. అందుకని ఆ పేరు. వర్జిల్ కావ్యానికి వ్యాఖ్యానం రాసిన సర్వియుస్ ఇదే కథను ప్యూనిక్ భాషకు ముడిపెట్టాడు. చరిత్రలో మనకు తెలిసిన తొలి కైసర్ సెక్స్‌టుస్ జూలియుస్ కైసర్, క్రీ.పూ. 208లో ప్రేటర్ పదవిలో ఉన్నాడు. అది హన్నిబల్‌తో యుద్ధం సాగుతున్న కాలం. కాలం కుదిరింది కనుక కథ అసంభవం కాదు. పైగా జూలియస్ సీజర్ క్రీ.పూ. 49-48 ప్రాంతంలో పెద్ద ఎత్తున ముద్రించిన వెండి దీనారం మీద, కాళ్ల కింద పామును తొక్కుతున్న ఏనుగు ఉంటుంది. దాని కింద ఆయన పేరు ఒక్కటే. బొమ్మ పేరును పలుకుతోందని కొందరు, అది కేవలం విజయచిహ్నమని మరికొందరు. అయితే ఏనుగుకు ఆ పేరుండేదన్న సంగతి మనకు ప్రధానంగా ఈ కథ వల్లే తెలుస్తోంది. కథను నమ్మడానికి కథనే సాక్షిగా పిలవలేం కదా.

రెండోది జుట్టు. లాటిన్‌లో 'కైసరియేస్' అంటే ఒత్తైన కేశాలు. తలనిండా జుట్టుతో పుట్టిన బిడ్డ కనుక కైసర్. ఫెస్టుస్ పదకోశపు సంగ్రహం ఈ అర్థమే ఇస్తుంది. మూడోది కళ్లు. 'కైసియుస్' అంటే నీలిబూడిద రంగు. పిల్లికళ్లవాడు కనుక కైసర్. ఈ రెండింటి మీదా పాఠకులకు వెంటనే తట్టే ఆక్షేపణ ఒకటుంది. సీజర్‌కు బట్టతల, దాన్ని కప్పుకోవడానికి వెనక జుట్టు ముందుకు దువ్వుకునేవాడని, ఎప్పుడూ లారెల్ ఆకుల దండ ధరించే హక్కును అందుకే ఎంతో ఇష్టపడ్డాడని సుయెటోనియుస్ రాశాడు. కళ్లు నల్లనివని కూడా ఆయనే చెప్పాడు. అయితే ఈ ఆక్షేపణ నిలవదు. పేరు పడింది సీజర్‌కు కాదు, ఆయన కంటే కనీసం శతాబ్దం ముందటి పూర్వికుడికి. మనవడి బట్టతల ముత్తాత జుట్టుకు సాక్ష్యం కాదు.

కోత కథ, దాని సంతానం

నాలుగోదానికి ప్రత్యేకంగా చోటివ్వాలి, ఎందుకంటే మాటకు పుట్టుకగా అది నిలిచినా నిలవకపోయినా, లోకం మీద దాని ప్రభావం మిగతా మూడింటికీ లేదు. క్రీ.శ. 79లో మరణించిన పెద్ద ప్లినీ తన ప్రకృతి చరిత్ర ఏడో భాగంలో, కైసర్లలో మొదటివాడికి తల్లి గర్భాన్ని కోసి తీయడం వల్ల ఆ పేరు వచ్చిందన్నాడు. 'కైదెరె' అంటే కోయడం, 'కైసుస్' అంటే కోయబడిన. ఫాబియుస్ వంటి పాత కులీన వంశాల్లో వాడిన 'కైసో' అనే పేరును కూడా ప్లినీ ఈ కోవలోకే తెచ్చాడు.

'మొదటివాడు' అన్న మాటే మెలిక. వంశంలో మొదటివాడనా, చక్రవర్తుల వరసలో మొదటివాడైన జూలియస్ సీజర్ అనా? తరవాతి కాలం రెండోదాన్నే పట్టుకుంది. 10వ శతాబ్దపు బైజాంటైన్ నిఘంటువు 'సుడా' దాన్ని సీజర్ జన్మకథగానే చెప్పింది. కానీ సీజర్ తల్లి ఆరేలియా క్రీ.పూ. 54 దాకా బతికింది. అప్పటికి కొడుకు వయసు 45 దాటింది, గాల్ దేశంలో యుద్ధంలో ఉన్నాడు. ఆ కాలంలో గర్భం కోయడమంటే తల్లి చనిపోయాక, లేదా చనిపోతోందని తేలాక చేసే పని. రాజుల కాలపు శాసనమని జస్టీనియన్ న్యాయసంహిత పేర్కొన్న నియమం కూడా అదే చెబుతుంది: గర్భిణి మరణిస్తే బిడ్డను కోసి తీయకుండా ఖననం చేయరాదు. కాబట్టి సీజర్ విషయంలో ఈ కథ నిజం కాదు. ఈ చర్చలో గట్టిగా చెప్పగలిగిన కొద్ది సంగతుల్లో ఇదొకటి.

నిజం కాకపోయినా పేరు మాత్రం శస్త్రచికిత్సకు అతుక్కుంది. 1581లో ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా రూసే ఈ కాన్పు గురించి రాసిన గ్రంథం శీర్షికలోనే 'సీజరు కాన్పు' అన్న మాట వాడాడు. బతికున్న తల్లికి కూడా ఇలా చేయవచ్చని వాదించిన పుస్తకం అది. ఆ మాట సీజర్ పేరు నుంచి వచ్చిందా, కోతకు సంబంధించిన 'కైసుస్' నుంచి నేరుగా వచ్చిందా అని నిఘంటుకారులు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. కథను నమ్మినవారికి ఈ రెండూ ఒకటే కనుక, మాట స్థిరపడటంలో ఆ నమ్మకానికి పాత్ర ఉందనడం న్యాయం.

తెలుగు నేలకు ఇది దూరపు ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. వాటి మంచిచెడులు వేరే వ్యాసానికి సంబంధించినవి. కానీ లాటిన్ పేరును ఇంతమంది తెలుగు తల్లులు ఇంత మామూలుగా పలుకుతున్నారంటే, ఏ సైన్యమూ చేయలేని విస్తరణను ఒక తప్పుడు జన్మకథ చేసిందన్నమాట.

భాషాశాస్త్రం తూకం వేస్తే

రోమన్ పేర్ల పద్ధతి తెలిస్తే గానీ తరవాతి వాదం అర్థం కాదు. కులీనుడికి సాధారణంగా మూడు పేర్లు: గయుస్ అనేది సొంత పేరు, జూలియుస్ వంశం పేరు, కైసర్ ఆ వంశంలో ఒక కొమ్మకు పడ్డ పేరు. ఈ కొమ్మపేర్లు ఎక్కువగా మారుపేర్లుగా పుట్టినవే. సిసెరో అంటే సెనగగింజ, నాసో అంటే ముక్కు పెద్దది, కాల్వుస్ అంటే బట్టతల, స్ట్రాబో అంటే మెల్లకన్ను. మన ఇంటిపేర్లలోనూ ఇదే చూస్తాం. ఊరు పేరో, వృత్తో, ఎవరో పెట్టిన మారుపేరో తరాలు గడిచేసరికి ఇంటిపేరవుతుంది. అసలు కారణం మరచిపోయాక గొప్ప కథ ఒకటి పుట్టుకొస్తుంది. రోమన్ల అలవాటు ఇదే కాబట్టి, శరీర లక్షణాన్ని చెప్పే జుట్టు, కళ్ల వాదాలు మొదటి చూపులో బలంగా కనిపిస్తాయి.

చిక్కు ధ్వనిలో ఉంది. పాత లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య ఉన్న సకారం క్రీ.పూ. 4వ శతాబ్దానికల్లా రకారమైపోయింది. పువ్వు 'ఫ్లోస్' అయితే 'పువ్వు యొక్క' అనడానికి 'ఫ్లోరిస్' అనాలి. మరి 'కైసర్'లో సకారం ఎలా మిగిలింది? ఈ ప్రశ్నకు ఒక్కో వాదం ఒక్కో జవాబిస్తుంది. కోత వాదానికి జవాబు తేలిక: 'కైసుస్'లో ఒకప్పుడు ద్విత్వ సకారం ఉండేది, ద్విత్వం మారదు. జుట్టు వాదం ఇంకో నియమం చూపుతుంది: వెంటనే మరో రకారం వస్తే, రెండు రకారాలు పక్కపక్కన పడకుండా సకారం నిలిచిపోతుంది, దీనులను చెప్పే 'మిసెర్' దీనికి అందరూ చూపే ఉదాహరణ. మూడో జవాబు, ఇది అసలు లాటిన్ మాటే కాదు, అప్పు తెచ్చుకున్నదని.

ఆ మూడో జవాబే ఎట్రుస్కన్ వాదం. 1904లో విల్‌హెల్మ్ షుల్జె లాటిన్ వ్యక్తినామాల మీద వెలువరించిన బృహద్గ్రంథం, రోమన్ పేర్లలో పెద్ద భాగానికి ఎట్రుస్కన్ మూలాలు చూపింది. ఆ వెలుగులో కైసర్‌ను కూడా ఎట్రుస్కన్ కుటుంబనామంగా చూడవచ్చునన్న అభిప్రాయం బలపడింది. '-అర్' అనే అంతం లాటిన్ కొమ్మపేర్లకు సహజం కాకపోవడం దీనికి అనుకూలం. జూలియుస్ వంశం తమను లాటిన్ పట్టణమైన ఆల్బా లొంగా వారమని చెప్పుకోవడం ప్రతికూలం. అయితే వంశం ఎక్కడిదైనా మారుపేరు పొరుగు భాషలోది కావచ్చు. రోమన్లకు స్వయంగా ఈ చుట్టరికం చెవిన పడిందనడానికి సుయెటోనియుస్ చెప్పిన ఒక శకునం ఉంది. సీజర్ వారసుడైన ఆగస్టస్ చివరి రోజుల్లో పిడుగు పడి ఆయన విగ్రహం కింది పేరులో మొదటి అక్షరం ఎగిరిపోయిందట. ఆ అక్షరం లాటిన్ అంకెల్లో నూరు. మిగిలిన 'ఐసర్' ఎట్రుస్కన్‌లో దేవుడు. కాబట్టి నూరు రోజుల్లో ఆయన దేవతల్లో చేరతాడని జ్యోతిష్కులు అర్థం చెప్పారు. ఇది వ్యుత్పత్తికి రుజువు కాదు, శకునానికి చెప్పుకున్న అర్థమే. కానీ ఆ పేరు రోమన్ల చెవికి ఎట్రుస్కన్ మాటతో ఎంత దగ్గరగా వినబడిందో ఇది చెబుతుంది.

సంస్కృతం తెలిసిన పాఠకులకు 'కైసరియేస్' వినగానే కేసరం, కేసరి గుర్తొస్తాయి. 19వ శతాబ్దపు తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులకూ అలాగే తోచింది; వారు ఈ లాటిన్ మాటను సంస్కృతపు జుట్టు మాటలతో కలిపారు. జూలు ఉన్నది కేసరి, జుట్టు ఉన్నవాడు కైసర్ అంటే ఎంత బాగుంటుంది! కానీ సంస్కృతంలో ఏకారం తర్వాతి సకారం సాధారణంగా షకారం కావాలి. దేవేషు, రామేషు లాంటి రూపాల్లో చూసేది అదే. కేసరంలో అది జరగలేదు. అంటే కేసరం పుట్టుకే తేలని విషయం. తేలని మాటను ఇంకో తేలని మాటకు ఆధారంగా పెట్టలేం. వినడానికి ఇంపుగా ఉన్న ఈ బంధుత్వాన్ని వదులుకోక తప్పదు.

పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా కనిపిస్తుంది. కోత వాదానికి ధ్వని అనుకూలం, కానీ పేరు నిర్మాణం ఇబ్బంది. జుట్టు వాదానికి పేర్లు పెట్టే అలవాటు అనుకూలం, కానీ పొడుగు మాట నుంచి పొట్టి పేరు ఎలా తెగిందో చెప్పాలి. ఎట్రుస్కన్ వాదం ఈ రెండు ఇబ్బందులనూ దాటుతుంది, కానీ అర్థమేమిటో చెప్పలేదు. ఏనుగు వాదానికి నాణెం తప్ప గట్టి దన్ను లేదు, కళ్ల వాదానికి అదీ లేదు. ఈ వ్యాసకర్త మొగ్గు ఎట్రుస్కన్ వైపు. దాని తర్వాత జుట్టుకు. అంతకు మించి నిశ్చయంగా చెప్పేవారిని నమ్మనక్కర్లేదు.

జూలియుస్ కాక కైసరే ఎందుకు?

వ్యుత్పత్తి మీద ఇంత చర్చ జరిగింది గానీ, నిజానికి ఎక్కువగా అడగాల్సిన ప్రశ్న ఇది. వంశం పేరు జూలియుస్. గౌరవమంతా దానిదే, వీనస్ దేవత నుంచి దిగివచ్చామని చెప్పుకున్నది ఆ వంశమే. నెలకు పెట్టింది కూడా ఆ పేరే, జులై. మరి బిరుదుగా మారింది కొమ్మపేరు ఎందుకు?

దత్తతలో దీని మొదలు కనిపిస్తుంది. క్రీ.పూ. 44లో హత్య తర్వాత వీలునామా తెరిస్తే, సోదరి మనవడైన గయుస్ ఆక్టావియుస్ వారసుడు. 18 ఏళ్ల ఆ కుర్రాడు, తర్వాతి కాలపు ఆగస్టస్, వెంటనే గయుస్ జూలియుస్ కైసర్ అయ్యాడు. చరిత్రకారులు వాడే 'ఆక్టేవియన్' అన్న పేరును ఆయన తనకు తాను వాడుకోలేదు. అతనికున్నదంతా ఒక పేరేనని ప్రత్యర్థి ఆంటొనీ ఈసడించాడు. ఆ మాట నిజం. సీజర్ సైనికులు నడిచింది ఆ పేరు వెనకే. కొద్దికాలానికి ఆ యువకుడు ఇంకో పని చేశాడు. గయుస్ తీసేసి 'ఇంపరేటర్' అన్నదాన్ని సొంత పేరుగా పెట్టుకున్నాడు, జూలియుస్‌ను వదిలేశాడు, వంశం పేరు ఉండాల్సిన చోట కైసర్‌ను కూర్చోబెట్టాడు. చరిత్రకారుడు రోనల్డ్ సైమ్ 1958లో రాసిన 'ఇంపరేటర్ కైసర్' వ్యాసం ఈ మార్పు ఎంత అసాధారణమో విడమరిచి చూపింది. అధికారాలను చట్టపరంగా వర్గీకరించిన 19వ శతాబ్దపు థియొడోర్ మొమ్జెన్ దారికి ఇది వేరే దారి: పేరును రాజకీయ చర్యగా చదవడం.

దీనికి తోడు ఇంకో కారణం తోస్తుంది. విముక్తి పొందిన బానిసలు, పౌరసత్వం పొందిన పరదేశీయులు తమను ఆదుకున్నవారి వంశం పేరు పెట్టుకునేవారు. గాల్‌లోనూ తూర్పు రాష్ట్రాల్లోనూ అలా జూలియుస్‌లు వేలల్లో పుట్టుకొచ్చారు. కొమ్మపేరు మాత్రం అలా బదిలీ కాలేదు. విముక్తుడు జూలియుస్ అవుతాడు గానీ కైసర్ కాడు. జూలియుస్ అందరిదైంది, కైసర్ ఇంటిలోనే మిగిలింది. అందరి దగ్గరా ఉన్న పేరు బిరుదు కాలేదు కదా.

ఆ ఇంటి గడప ఎంత కట్టుదిట్టమైనదో క్లియోపాత్రా కొడుకు చరిత్ర చెబుతుంది. క్రీ.పూ. 47లో పుట్టిన టాలెమీ కైసర్‌ను అలెగ్జాండ్రియా జనం 'కైసారియోన్', అంటే చిన్న కైసర్ అని పిలుచుకున్నారు. క్రీ.పూ. 30లో ఈజిప్టు చేతికి రాగానే ఆగస్టస్ అతణ్ని చంపించాడు. ఒకే పేరుతో ఇద్దరు కైసర్లు ఉండటం మంచిది కాదని సలహాదారు అరియుస్ చెప్పాడని ప్లూటార్క్ రాశాడు.

పేరు బిరుదైన రోజు

జూలియస్ సీజర్ బతికుండగా కైసర్ అనేది పేరు మాత్రమే. జనం రాజా అని కేకలు వేస్తే, తాను 'రెక్స్' కాదు, కైసర్‌ను అని జవాబిచ్చాడని కథ. లాటిన్‌లో రెక్స్ అంటే రాజు. అది మార్కియుస్ వంశంలో ఒక కొమ్మపేరు కూడా, సీజర్ నానమ్మ ఆ ఇంటి ఆడపడుచే. పేరు తప్పు పిలిచారన్నట్టుగా ఆయన రాజరికపు ప్రస్తావనను దాటవేశాడు. రాజు అన్న మాటంటేనే మండిపడే రోములో, ఆ మాటకు బదులుగా నిలబడబోయే పేరు అదేనని ఆ రోజు అక్కడ ఎవరూ ఊహించి ఉండరు.

మరి మార్పు ఎప్పుడు? ఒక పక్షం క్రీ.శ. 41ను చూపుతుంది. ఆగస్టస్, టైబీరియస్, కాలిగులా పేర్లలో కైసర్ దత్తత ద్వారానో, పుట్టుక ద్వారానో వచ్చింది. కాలిగులా హత్య తర్వాత సింహాసనమెక్కిన క్లాడియస్‌కు రక్తబంధం ఉంది గానీ దత్తత లేదు. ఆయన పుట్టింది క్లాడియుస్ ఇంట్లో. అయినా ఆ పేరు పెట్టుకున్నాడు. ఇంకో పక్షం 68ని చూపుతుంది. నీరోతో వంశం అంతరించింది; ఏ సంబంధమూ లేని గాల్బా కైసర్ అయ్యాడు. మరుసటి జనవరిలో ఆయన దత్తత తీసుకున్న పీసో కూడా కైసర్ అయ్యాడు, అయిదు రోజులకే ఇద్దరూ హత్యకు గురయ్యారు. క్లాడియస్ విషయంలో పేరు చుట్టరికాన్ని పొడిగించింది; గాల్బా విషయంలో చుట్టరికం అక్కర్లేదని తేల్చింది. రెండూ మెట్లే, రెండోది ఎత్తైన మెట్టు.

అయితే 69లోనే ఈ రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే ఒకడున్నాడు, విటెల్లియుస్. ఆయన కైసర్ పేరు వద్దన్నాడు. నాణేల మీద గెర్మానికుస్ అని వేయించుకున్నాడు. ఓటమి తలుపు తట్టాక, ఆ పేరులో ఏదో మహిమ ఉందన్న నమ్మకంతో కైసర్ అని పిలిపించుకోవడానికి ఒప్పుకున్నాడని టాసిటస్ చెబుతాడు. అది తప్పనిసరి బిరుదే అయితే వద్దనడం కుదరదు. ఉత్త పేరే అయితే ఆపదలో దాన్ని ఆశ్రయించడం ఉండదు. ఆ సంవత్సరంలో అది ఆ రెండింటి మధ్యనే ఉంది.

రోమ్ బయట చూస్తే లెక్క మారుతుంది. సువార్తల్లో కైసరుకు పన్ను గురించిన ప్రశ్నలో ఉన్నది టైబీరియస్. అపొస్తలుల కార్యాల్లో పౌలు విన్నవించుకున్న కైసరు నీరో. రెండుచోట్లా వ్యక్తి పేరు అవసరం కాలేదు. గ్రీకు మాట్లాడే తూర్పు ప్రాంతాల సామాన్యుడికి కైసరు అంటే అప్పుడున్న ఏలిక. సెనేటర్ల దృష్టిలో ఇంటిపేరుగా ఉన్నది యూదయలో పన్ను కట్టేవాడి దృష్టిలో అప్పటికే పదవి. కాబట్టి 'ఏ రోజు' అన్న ప్రశ్నతో పాటు 'ఎవరికి' అని కూడా అడగాలి. ఈ కోణం వదిలేయడం వల్లే 41, 68 పక్షాల వాదం ఎడతెగకుండా సాగింది. మూడో శతాబ్దపు కాసియుస్ డియో దీన్ని చక్కగా పట్టుకున్నాడు: కైసర్, ఆగస్టస్ అన్న పేర్లు కొత్త అధికారమేమీ ఇవ్వవు, ఒకటి వంశవారసత్వాన్ని, మరొకటి పదవి వైభవాన్ని చూపుతాయని ఆయన అభిప్రాయం.

కింది మెట్టుకు దిగిన కైసర్

ఆ తర్వాతి మలుపు తీర్పు తేలికగా చెప్పగలిగినది. 136లో హేడ్రియన్ దత్తపుత్రుడు ఏలియుస్ కైసర్ అయ్యాడు గానీ ఆగస్టస్ కాలేదు. అప్పటి నుంచి ఆగస్టస్ అంటే ఏలుతున్నవాడు, కైసర్ అంటే ఏలబోయేవాడు. 293 మార్చి 1న డయోక్లీషియన్ ఏర్పాటులో ఇద్దరు ఆగస్టస్‌ల కింద ఇద్దరు కైసర్లు నియమితులయ్యారు. కాన్‌స్టాంటినోపుల్‌లో మెట్టు ఇంకా దిగింది. 705లో రెండో జస్టీనియన్ బల్గర్ ఖాన్ టెర్వెల్‌కు ఆ బిరుదు ఇచ్చాడు. 1081 తర్వాత అలెక్సియోస్ కొమ్నెనోస్ కొత్త బిరుదొకటి సృష్టించి కైసర్‌ను దాని కిందకి నెట్టాడు.

విచిత్రం ఏమిటంటే, పుట్టిన చోట తగ్గిన అదే పేరు బయట పెరిగింది. జర్మన్లు చాలా ముందే అందుకున్నారు కనుక వారి మాటలో పాత ఉచ్చారణ మిగిలింది. స్లావులు తమ రూపాన్ని కుదించి జార్ చేసుకున్నారు. 1547 జనవరి 16న నాలుగో ఇవాన్ ఆ పేరుతో పట్టాభిషిక్తుడయ్యాడు. అరబ్బులకు పారశీక ప్రభువులందరూ కిస్రా, రోమన్ ప్రభువులందరూ కైసర్; మొదటిది ఖుస్రో అన్న పేరు నుంచి వచ్చింది. కాన్‌స్టాంటినోపుల్‌ను 1453లో గెలిచిన మెహ్మెత్ రూమ్‌కు కైసర్‌నని చెప్పుకున్నాడు. పేరు రాజపదం కావడం ఒక్క రోమ్‌కే ప్రత్యేకం కాదు. షార్లమేన్ సొంత పేరు కార్ల్ నుంచే స్లావు భాషల్లో రాజు అన్న మాట పుట్టింది. ఊళ్లకూ ఇదే పేరు పడింది: పాలస్తీనా తీరాన హేరోదు కట్టిన కైసరయ, టర్కీలోని కైసెరి, స్పెయిన్‌లోని సరగోసా.

మన నేల మీద

ఈ పేరు తెలుగు దేశానికి ముందు వచ్చింది పుస్తకాల్లో కాదు, వెండి మీద. నల్గొండ ప్రాంతపు అక్కనపల్లి నిధి ఆగస్టస్, టైబీరియస్‌ల దీనారాలను బయటపెట్టింది. ఆ కాలపు నాణేల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం మీద ఆగస్టస్ మనవలు గయుస్, లూకియుస్ డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. చుట్టూ 'కైసరేస్' అని బహువచనంలో ఉంటుంది. లాటిన్ చదవలేనివారి చేతుల్లో అది తూకానికి పనికొచ్చే వెండే. పేరు ఇక్కడ నాటుకోలేదు, నాటుకున్నది నాణెం పేరు. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో దీనారి మాషకాల ప్రస్తావన ఉంది.

తిరిగి అది వచ్చింది 1877 జనవరి 1న, ఢిల్లీ దర్బారులో. ముందటి ఏడాది చట్టం విక్టోరియాకు చక్రవర్తిని బిరుదు కట్టబెట్టింది. దేశభాషల్లో ఏమనాలన్న ప్రశ్నకు లాహోరులో పనిచేసిన జి.డబ్ల్యు. లైట్నర్ సూచనగా కైసర్-ఇ-హింద్ వచ్చింది. పారశీకం ద్వారా ఉత్తరాదికి పరిచయమున్న ఆ మాట తెలుగువారికి చెవికెక్కలేదు. మనకు ఆమె విక్టోరియా మహారాణి గానే ఉండిపోయింది. 1900లో అదే పేరుతో ప్రజాసేవా పతకం మొదలయ్యాక మాత్రం అందరూ విన్నారు. హైదరాబాదులో వరద సహాయానికి దాన్ని అందుకున్న సరోజినీ నాయుడు జలియన్‌వాలాబాగ్ తర్వాత వెనక్కి ఇచ్చేశారు. గాంధీజీ 1920 ఆగస్టులో తన పతకాన్ని తిప్పి పంపారు. బిరుదు ఇవ్వడంలో ఉన్న అధికారం ఎంతో, దాన్ని తిప్పి ఇవ్వడంలోని ధైర్యం అంతకంటే ఎక్కువని ఆ రెండు చర్యలు చూపాయి.

ఇంకా తేలనివి

ఎట్రుస్కన్ వాదానికి నిర్ణయాత్మకమైన శాసనం దొరకాలి. స్లావుల జార్ నేరుగా లాటిన్ నుంచి వచ్చిందా, గోతుల నోటి మీదుగా వచ్చిందా అన్నదానిపై భేదాభిప్రాయం ఉంది. ఏనుగు నాణెం శ్లేషా కాదా అన్నది, ముద్రింపజేసినవాడి మనసులోని మాట కాబట్టి, బహుశా ఎప్పటికీ తేలదు.

అన్నిటికంటే మనకు దగ్గరిది ఆరా శాసనం. అటక్ దగ్గర దొరికిన ఆ ఖరోష్ఠి రాయి కుషాణుల కాలపు 41వ సంవత్సరానిది. వజ్హేష్కుడి కొడుకు కనిష్కుడు అందులో మహారాజు, రాజాతిరాజు, దేవపుత్రుడు. నాలుగో బిరుదును జర్మన్ పండితుడు హైన్రిష్ ల్యూడర్స్ 'కైసర' అని చదివాడు. ఆ చదువు సరైనదైతే భారతీయ, పారశీక, చీనా, రోమన్ బిరుదులను నాలుగు దిక్కుల నుంచీ ఏరి తెచ్చుకున్న రాజు ఒకడు మన ఉపఖండంలో ఉన్నాడని, విక్టోరియాకు పదిహేడు వందల ఏళ్లు ముందే ఇక్కడొక కైసరు ఉన్నాడని ఒప్పుకోవాలి. ఆ సంవత్సరాల లెక్క క్రీ.శ. 78లో మొదలైందనుకుంటే ఆ రాయికి ఒక తేదీ, 127 అనుకుంటే ఇంకో తేదీ. ఈ కనిష్కుడు పేరుమోసిన కనిష్కుడా, తర్వాతివాడా అన్నది మరో వాదం. సరిగ్గా ఆ నాలుగో బిరుదు ఉన్న చోటనే అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి.